తొమ్మిది ఖాళీ గళ్ళు

“తలుపు తియ్యండి మామయ్యా! మీకు దణ్ణం పెడతాను, ముందా ఫోను పెట్టెయ్యండి!”

కోడలు రంగుల గది తలుపును రెండు చేతులతో బాదుతోంది. లోపల గడియ పడి పది నిమిషాలైంది.

“నువ్వుండమ్మాయ్! ఆఫీసరుగారితో మాట్లాడుతున్నాను,” అని లోపలి నుంచి మామగారి గొంతు.

ఆదివారం పొద్దున్న లేచి చూసేసరికి మామగారి బొమ్మల పేజీలో ముప్పై ఆరు గళ్ళకు తొమ్మిది ఖాళీగా కనిపించాయి. అక్కడి నుంచే మొదలైంది ఈ రభస. నలభై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి ఆయన. ఆ బోర్డులు ఒక్కొక్కటీ తుక్కులోకి పోతుంటే కోడలికి ప్రాణం ఒప్పలేదు. మిగిలినవాటికి ఫొటోలు తీసి, డిజిటల్ బొమ్మలుగా మార్చి, ఇంటర్నెట్‌లో ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళ కోసం అమ్మకానికి పెట్టింది. ప్రతి బొమ్మ కిందా మామగారు తన చేత్తో రాసిచ్చిన మాట ఒకటుంది. “ఈ బొమ్మ ఎప్పటికీ ఇలాగే ఉంటుంది.” కింద సంతకం. ఇవాళ ఆ మాట తొమ్మిది చోట్ల తప్పింది.

పొద్దున్నే ఎవరో కొన్నావిడ పేజీ కింద “నా బొమ్మ ఏది?” అని రాసింది. అది మామగారి కంటపడింది. కోడలు స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని ఆ పేజీ కిందే, లోకమంతా చదివేలా, “నా బొమ్మలు పోయినవి, తెలిసినవారు సాయం చేయగలరు” అని రాసి, తన ఫోన్ నంబరు కూడా ఇచ్చేశారు. అయిదు నిమిషాల్లో ఆఫీసరు ఫోన్ చేశాడు. అయిదు నిమిషాల్లో సాయానికి పరిగెత్తుకొచ్చే ఆఫీసర్ని నా జన్మలో నేను చూడలేదు. మీరు చూశారా?

“సార్, మీరు ఒంటరిగానే ఉన్నారా?” ఆఫీసరు గొంతు తలుపు దాటి హాల్లోకి వినిపించింది. మామగారు ఫోను ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతారు. రహస్యమైనా అంతే.

“ఒంటరిగానే ఉన్నా. గడియ కూడా పెట్టా.”

“వెరీ గుడ్ సార్. మీ వాలెట్ తాలూకు పన్నెండు మాటలూ వరసగా చెప్పండి. మీ ఇంట్లోవాళ్ళకి కూడా వినపడకూడదు.”

“ఆ మాత్రం నాకు తెలీదా బాబూ?” అని మామగారు గొంతు తగ్గించారు. తరవాత గుసగుస తప్ప ఏమీ వినిపించలేదు.

కోడలు నెత్తి పట్టుకుంది. “చెప్పేస్తున్నారు! ఏమండీ, చెప్పేస్తున్నారు! ఆ పన్నెండు మాటలే బొమ్మల బీరువాకి తాళంచెవులు! అవి తెలిస్తే చాలు, అమ్ముడుపోని బొమ్మలన్నీ వాడి పేరు మీదకి మార్చేసుకుంటాడు. ఏదైనా చెయ్యండి!”

ఈ ‘ఏమండీ’ డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. రోజంతా పక్క సీట్లో కూర్చుని నేర్చుకునేవాళ్ళ కోసం బ్రేకు తొక్కడమే ఉద్యోగం. ఇంట్లో మాట పెరిగినా ఆయన కుడికాలు దానంతటదే నేలను నొక్కుతుంది. అంతకుమించి ఏమీ చెయ్యడు. ఇప్పుడూ అదే చేశాడు.

“నెమ్మది, నెమ్మది. నాన్న అన్నీ ఆలోచించే చేస్తారు,” అన్నాడు.

“మీ నాన్న ఆలోచించే పనైతే తలుపు బయట పెట్టి తను లోపలుండేవాడా?” అంది అత్తగారు. ఆ మాటకు అర్థం ఆవిడకూ తెలీదు గానీ, అన్న తీరుకు కొడుకు నోరు మూతపడింది.

అంతలో లోపలి నుంచి కేక. “ఇదిగో! నా కళ్ళద్దాలు ఏవీ?”

సంగతేమిటంటే, ఆ పన్నెండు మాటల్నీ కంప్యూటర్లో పెట్టొద్దు, ఫోనుతో ఫొటో తియ్యొద్దు, ఎక్కడైనా చేత్తో రాసి దాచండి మామయ్యా అని కోడలు లక్ష సార్లు చెప్పింది. చేత్తో రాయమంటే ఆయన కాగితం మీద రాస్తారా? కాగితం చిరుగుతుంది, ఇనామిల్ రంగు చిరగదు. రంగుల గదిలో స్టూలును బోర్లా తిప్పి, దాని అడుగున ఎర్ర ఇనామిల్‌తో రాసి, ప్రతి అక్షరానికీ నల్ల నీడ కూడా వేశారు. నలభై అడుగుల దూరం నుంచి కనపడేలా రాసే చెయ్యి జన్మలో మొదటిసారి చిన్న అక్షరాలు రాసింది. మొదటి నాలుగు మాటలూ ఆయనకు నోటికొచ్చు. మిగతా ఎనిమిదీ కళ్ళద్దాలు లేకుండా కనపడవు.

కళ్ళద్దాలు అత్తగారి ముక్కు మీద ఉన్నాయి. తనవి విరిగిన దగ్గర్నుంచీ ఇద్దరికీ అవే.

ఆవిడ చెయ్యి ముక్కు మీదకు వెళ్ళింది. కోడలు రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

“నాకేం తెలుసు? మీరే ఎక్కడో పెట్టి ఉంటారు!” అని అత్తగారు ఆ అద్దాల్లోంచే తలుపు వైపు చూస్తూ అరిచింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ అబద్ధాలు ఆడకపోలేదు గానీ, ఇంత తొణక్కుండా ఎప్పుడూ ఆడలేదు.

“సార్, తొందరగా. ఇరవై నిమిషాల్లో మిగతా బొమ్మలు కూడా శాశ్వతంగా పోతాయి,” అన్నాడు ఆఫీసరు.

గడియ తీసిన చప్పుడు. తలుపు జానెడు తెరుచుకుంది. మామగారి చెయ్యి ఒక్కటే బయటికొచ్చి, గాల్లో కళ్ళద్దాల కోసం వెతికింది.

అప్పుడు పడిందండీ ఆ కాలు! పొద్దుటి నుంచి గచ్చును నొక్కడం తప్ప ఏమీ చెయ్యని కుడికాలు సరిగ్గా తలుపు సందులో పడింది. కోడలు లోపలికి దూరి, మామగారి చేతిలోంచి ఫోను లాగేసుకుంది.

“ఎవరండీ మీరు?”

“నమస్తే మేడం. హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం.”

“దేనికి హెడ్డాఫీసు?”

“మీ బొమ్మలు భద్రపరిచిన సంస్థకి మేడం.”

“దానికి హెడ్డాఫీసు లేదు. ఒక్కచోట, ఒక్కళ్ళ చేతిలో ఉండకూడదనే అలాంటి చోట పెట్టాం. ఆ బొమ్మలు ఎన్నెన్నో ఊళ్ళల్లో, ఎవరెవరి కంప్యూటర్లలోనో ఉంటాయి. మీరు అందులో ఏ కంప్యూటరు?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

“మేడం, మాది బ్రాంచి ఆఫీసు...”

“బ్రాంచీ లేదు.”

“క్యాంటీనైనా ఉందేమో అడుగు,” అంది వెనక నుంచి అత్తగారు.

ఫోను కట్టయింది.

“చూశావా? పెట్టేశాడు!” మామగారు కోడలి మీద విరుచుకుపడ్డారు. “అంత మర్యాదస్తుణ్ణి పట్టుకుని క్యాంటీనంటారా? నన్ను సార్ అన్నాడు. ఈ ఇంట్లో ఎవరైనా ఏనాడైనా నన్ను సార్ అన్నారా?”

“మామయ్యా, ఆ మాటలు ఎవరికీ చెప్పొద్దని చెప్పానా లేదా?”

“చెప్పావు. అందుకేగా తలుపేసుకున్నాను!”

“తలుపేసుకుని ఎవరికి చెప్పారు?”

మామగారు తలుపు గడియ వంక చూశారు.  ఈ సంగతి ఆయనకు అప్పటిదాకా తట్టలేదు. నిజంగానే తట్టలేదు. ఇంట్లోవాళ్ళ చెవిన పడకుండా ఎంత జాగ్రత్తపడ్డారో, ముక్కూ మొహం తెలీనివాడికి అంత జాగ్రత్తగా అప్పజెప్పారు.

“ఎన్ని చెప్పారు?”

“నాలుగు.”

“పోనీలే, నాలుగేగా,” అన్నాడు కొడుకు.

“పన్నెండు తాళాల బీరువాకి నాలుగు తాళంచెవులు దొంగకిచ్చి పోనీలే అంటారా? ఈ వాలెట్ ఇక పనికిరాదు.”

కోడలు అక్కడే కూర్చుని కొత్త వాలెట్ తెరిచింది. ఇంకా అమ్ముడుపోని బొమ్మల్ని అందులోకి మార్చింది. కొత్త పన్నెండు మాటల్నీ రెండు కాగితాల మీద రాసి, ఒకటి తను తీసుకుని, రెండోది అత్తగారికిచ్చింది. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి ఎక్కడ దాచిందో ఎవరికీ తెలీదు. మామగారు స్టూలు అడుగున ఉన్న ఎర్ర అక్షరాల్ని చేత్తో తడిమి, “నీడలు ఎంత బాగా కుదిరాయో,” అనుకున్నారు.

“మరి బొమ్మలు?” అని ఆయనే మళ్ళీ అందుకున్నారు. “వాడు దొంగే అనుకో. తొమ్మిది పోయిన మాట నిజమేగా? ఇంకెవరో దొంగ పట్టుకుపోయి ఉంటాడు. ఇక ఆ కొన్నవాళ్ళకి నా మొహం ఎలా చూపించను?”

 ఆ బాధ మాత్రం నిజం. ఇచ్చిన మాట తప్పాడని పేరు పడటం ఆయన తట్టుకోలేరు.

కోడలు హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంది. ముగ్గురూ వెనక నిలబడ్డారు.

“నాకొకటి చెప్పు,” అంది అత్తగారు. “ఎవరెవరి కంప్యూటర్లలోనో అన్నావు. మన బొమ్మలు తీసుకెళ్ళి దారినపోయేవాళ్ళ ఇళ్ళల్లో పెట్టావా?”

“అలా కాదు అత్తయ్యా. ప్రతి బొమ్మకీ ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా ఎవరో ఇచ్చేది కాదు, ఆ బొమ్మలోంచే పుడుతుంది. అచ్చంగా అదే బొమ్మ ఎవరి దగ్గరున్నా, ఆ చిరునామా పట్టుకుని వెతికితే దొరుకుతుంది. ఒకళ్ళ కంప్యూటరు పాడైనా ఇంకోళ్ళ దగ్గర ఉంటుంది.”

“ఎవరూ దాచకపోతే?”

“అప్పుడు చిరునామా ఉంటుంది, బొమ్మ ఉండదు. అందుకే ఒక కాపలా సర్వీసు పెట్టాను. ఈ ముప్పై ఆరూ ఎప్పుడూ దాచి ఉంచడమే వాళ్ళ పని.”

“అయితే ఆ కాపలావాడే నిద్రపోయాడన్నమాట!” మామగారికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. “నేను చెప్పలా? వాణ్ణి పట్టుకుని కడిగెయ్యి!”

కోడలు అప్పటికే కాపలా జాబితా తెరిచి పై నుంచి కిందికి చూస్తోంది. ఆవిడ ఆస్పత్రి రికార్డు రూములో పనిచేస్తుంది. ఏ కాగితం ఎప్పుడొచ్చింది, ఎవరు ముట్టుకున్నారు అన్నది తేదీలు చూసి పట్టేస్తుంది.

“విచిత్రంగా ఉంది. తొమ్మిది పాత బొమ్మల్ని ఎవరో తీసేశారు. వాటి బదులు తొమ్మిది కొత్తవి పెట్టారు. తీసేసినవాటిని సర్వీసువాళ్ళు ఇన్నాళ్ళూ ఉంచి, నిన్న రాత్రి ఒక్కసారే ఊడ్చేశారు.”

“హ్యాకర్లు!” అన్నాడు కొడుకు.

“అన్నీ గురువారాలే. రెండింటికీ మూడున్నరకీ మధ్య.”

కోడలు కుర్చీ వెనక్కి తిప్పింది.

“గురువారం మధ్యాహ్నం నేను ఆస్పత్రిలో ఉంటాను. మీరు డ్రైవింగ్ స్కూల్లో. మరి ఇంట్లో ఎవరుంటారు?”

“నేను నిద్రపోతాను,” అంది అత్తగారు వెంటనే. “కావాలంటే పక్కింటివాళ్ళని అడగండి, నా గురక వాళ్ళకి తెలుసు.”

మామగారు గోటికి అంటిన రంగు గీక్కుంటున్నారు. గీకారు, గీకారు, వేలు ఎర్రబడేదాకా గీకారు. మాస్టారి కుడికాలు గచ్చును నొక్కింది. అయినా ఏదీ ఆగలేదు.

“మామయ్యా?”

“దిద్దాను,” అన్నారు మామగారు.

“ఏంటీ?”

“దిద్దానమ్మా! తప్పుంటే దిద్దనా? టైర్ల కొట్టు పులికి ఎడమ కన్ను పైకి పోయింది. పళ్ళ డాక్టరు బోర్డు మీద నవ్వులో ఒక పన్ను ఎక్కువైంది. ముప్పై ఏళ్ళు ఆ వీధుల్లో తల దించుకుని నడిచాను నేను! నిచ్చెనెక్కి దిద్దుదామంటే దుకాణంవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. మౌస్ పట్టుకోవడం నువ్వే నేర్పావు. పాతవాటి మీద సున్నితంగా రంగు వేశా, కొత్తవి పెట్టా, పాతవి తీసెయ్యమన్నా. ఏమైందిప్పుడు? బోర్డుకి మళ్ళీ రంగేస్తే దుకాణం మారిపోతుందా?”

“ఇక్కడ మారుతుంది మామయ్యా! చిరునామా బొమ్మలోంచే పుడుతుందని ఇప్పుడేగా చెప్పాను. ఒక్క చుక్క మారితే అది వేరే బొమ్మ, దానికి వేరే చిరునామా. కొన్నవాళ్ళ దగ్గరున్నది పాత చిరునామా. అక్కడికెళ్ళి చూస్తే ఏముంటుంది? ఖాళీ గడి!”

“అంటే... దొంగ...”

“దొంగా లేడు, హ్యాకరూ లేడు. మీరే.”

ఆ ‘మీరే’ అన్నమాట కోడలు అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది. కానీ పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు పాపం.

“మా రికార్డు రూములో డాక్టరు తప్పు రాసినా చెరపనివ్వం. అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన రాయమంటాం. కిందేముందో కనపడాలి!”

“నీది రోగాల చిట్టా. నాది చేతిపని. తప్పున్న బొమ్మ కింద నా సంతకం ఉండటానికి వీల్లేదు.”

“వాళ్ళు కొన్నదే ఆ తప్పున్న బొమ్మని!”

“వాళ్ళకి తెలీక కొన్నారు!”

కోడలు కంప్యూటరు వైపు తిరిగింది. “సరే. ఇంట్లో కంప్యూటర్లో దాచినవి?”

“అవీ దిద్దేశా.”

“కెమెరా కార్డు? నా డ్రాయరులో ఉండాలి.” ఆవిడ లేచి వెళ్ళి డ్రాయరు లాగింది. కార్డు లేదు. వెనక్కి తిరిగేసరికి మామగారి చెయ్యి చొక్కా జేబు మీద ఉంది.

“అచ్చం అవే ఫొటోలు మళ్ళీ పెడితే పాత చిరునామాల్లోకి వాటంతటవే వచ్చేస్తాయి. ఇవ్వండి మామయ్యా.”

“ఇవ్వను.”

“నాన్నా...”

“నువ్వు మాట్లాడకు. ఇస్తే ఆ మెల్లకన్ను పులి మళ్ళీ లోకం మీద పడుతుంది. నేను పోయాక కూడా ఉంటుంది. ఎప్పటికీ ఉంటుందని మీరే అన్నారుగా! నా తప్పు ఎప్పటికీ ఉండాలా?”

 ఇన్నాళ్ళూ ఆయన బొమ్మలు శాశ్వతమని ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారే గానీ, తప్పులు కూడా శాశ్వతమైపోతాయని ఆ ముసలాయన ఒక్కడే లోలోపల కుమిలిపోతున్నాడని ఎవరికీ తోచలేదు. కోడలికి కోపం దిగింది. 

అత్తగారు కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“నలభై నాలుగేళ్ళుగా మీతో కాపురం చేస్తున్నాను. మీలో తప్పులు లేవా?”

“రోజూ దిద్దుతూనే ఉన్నావుగా.”

“దిద్దాను. దిద్దానని పాత మనిషిని బయట పారేశానా?”

మామగారు ఆవిడ వంక చూశారు. తర్వాత జేబులోంచి కార్డు తీసి, బల్ల మీద పెట్టి, అటు తిరిగి నిలబడ్డారు.

కోడలు పని మొదలుపెట్టింది. ఒక్కో ఫొటో తీసి కాపలా సర్వీసుకు పంపింది. పావుగంటకు మొదటి గడి నిండింది. టైర్ల కొట్టు పులి ఒక కన్ను ఆకాశంలోకి, ఒక కన్ను రోడ్డు మీదకు పెట్టి చూస్తోంది.

“అబ్బ! వచ్చిందండోయ్!” మాస్టారు చప్పట్లు కొట్టాడు.

“పాపిష్టి కన్ను,” అన్నారు మామగారు. కానీ తిరిగి చూశారు.

పళ్ళ డాక్టరు నవ్వు వచ్చింది, ఎక్కువ పన్నుతో సహా. ఒకటొకటిగా ఎనిమిది గళ్ళు నిండాయి. తొమ్మిదోదాని కోసం కోడలు కార్డంతా వెతికింది. కింది నుంచి పైకి మళ్ళీ వెతికింది.

“సెలూన్ బోర్డు లేదేంటి?”

మామగారు కుర్చీలో కూర్చున్నారు. కూలబడ్డారంటే సరిగ్గా ఉంటుంది.

“అది కార్డులోంచి కూడా తీసేశా. దాన్ని అన్నిటికంటే ముందు తీసేశా.”

“ఎందుకు మామయ్యా?”

“వాడు నవ్వాడు.”

వాడంటే సెలూన్ ఆయన. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. సెలూన్ పెట్టినప్పుడు స్నేహితుడి మొహమే బోర్డు మీద వేస్తానని మామగారు పట్టుబట్టి, ఆయన్ని నాలుగు రోజులు ఎదురుగా కూర్చోబెట్టి వేశారు. బోర్డు ఎత్తిన రోజు సెలూన్ ఆయన దాన్ని చూశాడు, అద్దంలో తన మొహం చూసుకున్నాడు, మళ్ళీ బోర్డు చూశాడు. అంతే, కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. వచ్చినవాళ్ళంతా నవ్వారు. మీసం కుడిపక్క అంగుళం పొడుగైంది. మామగారు కుంచెలు తీసుకుని బయటికొచ్చేశారు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా జుట్టు కత్తిరించుకోవడానికి మూడు వీధులు చుట్టు తిరిగి ఇంకో షాపుకు వెళ్తున్నారు.

“ఆ మీసమే సమానం చేశా,” అన్నారు. “చాలా బాగా కుదిరింది కూడా.”

ఫోను మోగింది. మామగారి ఫోనే, తెలీని నంబరు. అత్తగారు గద్దలా వచ్చి అందుకుంది.

“ఇక్కడ మాటలూ లేవు, పాటలూ లేవు! నీకు సిగ్గులేదూ? పెట్టు ఫోను!” అని తనే పెట్టేసింది.

మళ్ళీ మోగింది. ఈసారి కోడలు తీసింది.

“ఏం కావాలండీ?” చాలా కటువుగా అడిగింది.

“ఏమీ వద్దండీ,” అంది అవతల ఆడగొంతు, కాస్త బెదురుగా. “పొద్దున్న పేజీలో రాసింది నేనే. అక్కడ ఈ నంబరు కనిపిస్తే చేశాను. సెలూన్ బొమ్మ కొన్నది నేను. నా బొమ్మ ఎప్పుడు వస్తుందో చెప్తే చాలు.”

పాస్‌వర్డు అడగలేదు, మాటలు అడగలేదు, తొందర పెట్టలేదు. కోడలు ఫోను స్పీకర్లో పెట్టి మామగారి ముందు ఉంచింది.

“మామయ్యా, ఇది మీరే చెప్పాలి.”

ఆయన అడ్డంగా తలూపారు. కోడలు చెయ్యి తియ్యలేదు.

“ఎవరమ్మా నువ్వు?” అన్నారు చివరికి.

“పెయింటర్‌గారా? నమస్తే బాబాయిగారూ! నేను సెలూన్ ఆయన కూతుర్ని. నేను మీకు గుర్తుండను, అప్పుడు చిన్నదాన్ని. షాపు తీసేశాక మా బోర్డు ఏమైపోయిందో తెలీలేదండీ. మీ పేజీలో కనపడగానే కొనేశాను. రోజూ పొద్దున్నే టీవీలో పెద్దగా పెట్టి నాన్నకి చూపిస్తాను.”

“వాడు... మీ నాన్న దాన్ని చూస్తాడా?”

“చూడకపోతే కాఫీ తాగరు. మీరు ఆ రోజు అలిగి వెళ్ళిపోయారట కదా? నాన్న ఇప్పటికీ చెప్తారు. ఊళ్ళో అందరి మీసాలూ సరిచేసేవాణ్ణి, నా మీసం ఒక పక్క పొడుగని నాకే తెలీదు, వాడు బొమ్మ వేసి చూపించాడు, అందుకే నవ్వొచ్చింది అని.”

 ఇరవై ఎనిమిదేళ్ళు తన చెయ్యి తప్పిందనుకున్నాడు ఆ మనిషి. చెయ్యి తప్పలేదు. కన్నూ తప్పలేదు. మీసమే అలా ఉంది.

“ఆ తర్వాత నాన్న దాన్ని ఎప్పుడూ సరిచేసుకోలేదండీ. బోర్డుకి తేడా వస్తుందనేవారు. పోయినేడు పెదవికి ఆపరేషన్ చేసినప్పుడు మీసం మొత్తం తీసేశారు, మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఆ మీసం మీ బొమ్మలోనే ఉంది. ఇవాళ పొద్దున్న టీవీ పెడితే గడి ఖాళీ. అప్పటి నుంచి మాట్లాడటం లేదు. సాయంత్రానికైనా వస్తుందా బాబాయిగారూ?”

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు గోడ వైపు తిరిగింది. మాస్టారి కాలు ఈసారి కదల్లేదు.

“నీ ఫోన్లో ఏమైనా దాచావా తల్లీ?” అన్నారు మామగారు.

“లేదండీ. ఎప్పటికీ ఇలాగే ఉంటుందని మీరు రాసిచ్చారుగా. ఇంకెందుకని దాచలేదు.”

మామగారు లేచి నిలబడ్డారు. ఫోను ముందు నిలబడాల్సిన పనేముంది? అయినా నిలబడ్డారు.

“అమ్మా, మీ నాన్న మీసం నేనే కత్తిరించాను.”

“ఏంటండీ?”

“బొమ్మలో. నా తప్పే అనుకుని రెండు పక్కలా సమానం చేశా. అసలు బొమ్మ ఎక్కడా లేదు, అన్నిచోట్లా నేనే చెరిపేశా. దొంగలెవరూ పట్టుకుపోలేదు. నేనే.”

 పెట్టేసిందేమోనని కోడలు ఫోను వంక చూసింది. పెట్టెయ్యలేదు.

“ఇది నేను నాన్నకి చెప్పలేనండీ,” అంది ఆ అమ్మాయి, నెమ్మదిగా. “మీరే చెప్పండి. ఫోను ఆయనకిస్తున్నాను.”

“వద్దు! అమ్మా, వద్దు, ఆగు!” మామగారు కోడలి వైపు రెండు చేతులూ ఊపారు. కట్ చెయ్యి, కట్ చెయ్యి! కోడలు చేతులు వెనక్కి కట్టుకుంది.

కుర్చీ జరిపిన చప్పుడు. దగ్గు. తర్వాత, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని గొంతు హాలంతా నిండింది.

“ఒరేయ్ పెయింటరూ! ఎలా ఉన్నావని తర్వాత అడుగుతాను. ముందు చెప్పు, నా మీసం ఏదిరా?”